నడి ఏట్లో ఆగిన మోటారు... బాగుచేయించాలా, మార్చేయాలా?

ఇంట్లో మిక్సీ ఆగిపోతే ఏం జరుగుతుందో మీకు తెలియంది కాదు. చిన్నపాటి సభ జరుగుతుంది. "బాగుచేయిద్దాం" అంటారు మా వారు. "ఎన్నేళ్లు వాడతారమ్మా దాన్ని, కొత్తది కొను" అంటారు పిల్లలు. తేలేదాకా పచ్చడి రోట్లో నూరుకుంటాం. కొంప మునిగేదేం లేదు.

కానీ ఆగిపోయింది పడవ మోటారైతే? అదీ కృష్ణ సముద్రంలో కలిసే చోట, పాటు వేళ, మనవాళ్లు అందులో ఉండగా ఆగిపోతే?

2025 జూన్ 17న మా ఇంట్లో నిజంగానే మిక్సీ ఆగిపోయింది. దాని గురించి గొణుక్కుంటూ ఉండగానే నాగాయలంక నుంచి మా అక్క ఫోను.

"ఏమే, మీ బావ మోటారు ఆగిపోయిందే. ఇప్పుడే ఒడ్డుకు లాక్కొచ్చారు. మనుషులు క్షేమమేలే, కంగారు పడకు" అంది. కంగారు పడకు అన్న గొంతులోనే వణుకుంది.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో వేట నిషేధం. ఆ 61 రోజులూ పడవలు ఒడ్డునే ఉంటాయి. చేతిలో ఉన్న డబ్బు వలలకీ, పిల్లల ఫీజులకీ ఐపోతుంది. నిషేధం ఎత్తేయగానే అందరూ ఆత్రంగా బయల్దేరతారు. అలా బయల్దేరిన మూడో రోజే ఇది. పడవలో బావ, ఇంటర్ పూర్తిచేసి సెలవుల్లో ఉన్న మా అక్క కొడుకు. మోటారు ముందు ఈల వేసినట్టు మోగిందట. తర్వాత ఆవిరి కక్కింది. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. పాటు పడవను సముద్రం వైపు లాగేస్తుంటే లంగరు వేసి, తాడు పట్టుకుని కూర్చున్నారు ఇద్దరూ. ఫోనుకి సిగ్నల్ లేదు. నాలుగు గంటల తర్వాత వేరే పడవవాళ్లు చూసి తాడు కట్టి లాక్కొచ్చారు.

ఆ నాలుగు గంటలూ మా అక్క రేవులో ఎలా నిలబడిందో నేను రాయలేను.

ఆ మోటారుతో మా చుట్టరికం

మా అక్కకి అది జీవనాధారం. మాకు అంతకంటే ఎక్కువ. ఎందుకో చెప్తాను.

మేముండేది విజయవాడ సింగ్‌నగర్‌లో. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు గట్లు తెగి మా పేటని ముంచెత్తిన సంగతి మీరు టీవీల్లో చూసే ఉంటారు. మాది మొదటి అంతస్తు. కింది వాటా మునిగిపోయింది. పైన మేం నలుగురం, మా అమ్మ. అమ్మకి డెబ్బై రెండేళ్లు, బీపీ. మాత్రలు రెండు రోజులకే ఉన్నాయి. కరెంటు లేదు, తాగే నీళ్లు లేవు, ఫోన్లలో ఛార్జింగు లేదు. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ కూడా ఉగ్రంగా ఉంది. సెప్టెంబరు 2న 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. 2009 నాటి వరదకన్నా ఎక్కువ.

సహాయానికి తీర ప్రాంతాల నుంచి పడవల్ని లారీలకెక్కించి తీసుకొచ్చారు. వాటిలో మా బావ పడవ కూడా ఒకటి. మూడో రోజు మధ్యాహ్నం మా వీధి మొదట్లో మోటారు చప్పుడు వినబడింది. కిటికీలోంచి చూస్తే బావ! సందులో మునిగి ఉన్న స్కూటర్లకీ, ప్రహరీ గోడలకీ పంకా తగిలి విరుగుతుందని మోటారు పైకెత్తేసి, గడకర్రతో నెట్టుకుంటూ మా మెట్ల దగ్గరికి వచ్చాడు.

పెద్ద రోడ్డెక్కాక మోటారు దించి తాడు లాగాడు. వెనకాల ఒక సన్నటి నీటిధార చిమ్ముతూ ఉంటుంది, దాన్ని చూపించి "మరదలా, ఆ ధార ఆగితే వెంటనే చెప్పు" అన్నాడు. అమ్మ చెయ్యి పట్టుకుని దారంతా ఆ ధారనే చూస్తూ కూర్చున్నాను. మూడుసార్లు ఆగింది. మూడుసార్లూ బావ మోటారు ఆపి, పైకెత్తి, నీళ్లు పీల్చే చోట అడ్డుపడ్డ ప్లాస్టిక్ కవర్లు లాగేశాడు. ఆ రోజు ఒక్కరోజే ఆ మోటారు ఎన్ని కుటుంబాలను ఒడ్డుకు చేర్చిందో లెక్క లేదు.

అందుకే అక్క ఫోను పెట్టేసేలోపే నేననేశాను: "ఎంతైనా కానీ బాగుచేయిద్దాం. డబ్బులు నేనిస్తాను."

మోటారు లోపల ఏముంటుంది?

గోనెసంచి చుట్టిన మోటారు చేపల బండిలో విజయవాడ వచ్చింది. మా వారు ఆటోనగర్‌లో లేత్ పని చేస్తారు. అక్కడ పడవ మోటార్లు కూడా చూసే ఒక పెద్దాయన ఉన్నాడు. అక్కా, నేనూ కూడా వెళ్లాం. ఆడవాళ్లు షెడ్డులోకి వస్తే మొదట కాస్త ఇబ్బంది పడ్డాడు కానీ, అక్క అడిగే ప్రశ్నలు విన్నాక స్టూలు వేసి కూర్చోబెట్టి మరీ చెప్పాడు.

ఈ రకం మోటారు పడవ వెనక చెక్కకి తగిలించి ఉంటుంది. అందుకే ఔట్‌బోర్డ్ అంటారు. పైన ఇంజను. కింద నీళ్లలో గేర్లు, పంకా. ఇంజను వేడెక్కకుండా ఏటి నీళ్లనే పీల్చుకుని, తన ఒంట్లో తిప్పుకుని బయటికి వదిలేస్తుంది. ఆ నీళ్లను పీల్చేది రబ్బరు రెక్కల చిన్న చక్రం. ఇంపెల్లర్ అంటారు. దాని ధర పదిహేను వందల లోపే. నేను కళ్లప్పగించి చూసిన నీటిధార ఆ చక్రం తిరుగుతోందని చెప్పే గుర్తన్నమాట.

"బురద నీళ్లు, ఇసక నీళ్లు లాగిందామ్మా ఇది?" అని అడిగాడాయన, అరిగిపోయిన రబ్బరు రెక్కల్ని అరచేతిలో పెట్టి చూపిస్తూ. నాకు గొంతు పట్టేసింది. బుడమేరు నీళ్లు మరి!

బావ ఊరెళ్లాక మంచినీళ్లతో మోటారు కడిగాడట. ఉప్పునీటిలో తిరిగే ప్రతి మోటారుకీ అది చేయాల్సిందే. కానీ రబ్బరు చక్రం మార్చలేదు. అది సగం అరిగి, తొమ్మిది నెలలు ఈడ్చి, ఆ రోజు పూర్తిగా వదిలేసింది. ధార ఆగింది. బావ వల లాగుతున్నాడు, పిల్లాడు ముందువైపు ఉన్నాడు. ఎవరూ చూడలేదు. వేడికి పిస్టన్ గీరుకుపోయింది.

ఆయన ప్లగ్గులు తీసి, మీటరు పెట్టి, తాడు లాగి రెండు సిలిండర్ల బలం కొలిచాడు. ఒకటి 110 చూపించింది. రెండోది 60. "రెండింటికీ పదో వంతుకు మించి తేడా ఉండకూడదమ్మా" అన్నాడు. తర్వాత గేర్‌బాక్సు నూనె వదిలాడు. పాలు కలిపిన కాఫీలా వచ్చింది. అంటే సీళ్లు పోయి ఉప్పునీళ్లు లోపలికి చేరాయన్నమాట. అది వరద వల్ల కాదు, వయసు వల్ల. మోటారుకి పద్నాలుగేళ్లు. బావ 2016లో పాతదే కొన్నాడు, 55 వేలకి.

ఇక ఖర్చు. రీబోర్, పిస్టన్, రింగులు 18 వేలు. నీళ్ల పంపు, గాస్కెట్లు 6 వేలు. గేర్‌బాక్సు సీళ్లు, బేరింగులు 10 వేలు. పనికి 8 వేలు. మొత్తం 42 వేలు. సామాన్లు బయటినుంచి రావాలి కాబట్టి ఇరవై అయిదు రోజులు. "ఇంజనుకి పూచీ నాది. గేర్‌బాక్సుకి మాత్రం ఇవ్వలేను, లోపల ఉప్పు ఎంత తినేసిందో దేవుడికే తెలియాలి" అన్నాడు. నిజం చెప్పే మనిషి దొరకడం కూడా అదృష్టమే కదా!

ఐస్‌క్రీం తెచ్చిన తంటా

మధ్యలో ఒక ముచ్చట. ఈ రకం మోటారుని జనంలోకి తెచ్చింది నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ ఓలే ఎవిన్‌రూడ్. ఒక ఎండాకాలం చెరువు మధ్య దీవిలో విహారానికి వెళ్లినప్పుడు, ఐస్‌క్రీం తినాలని బెస్ అనే అమ్మాయి ముచ్చటపడిందట. ఈయన తెడ్డు వేసుకుంటూ అవతలి ఒడ్డుకు వెళ్లి తెచ్చేసరికి కరిగిపోయిందట. పడవకి మోటారుంటే బాగుండునన్న ఆలోచన అక్కడ పుట్టిందని చెబుతారు. ఆ బెస్‌నే పెళ్లాడాడు. 1909లో మిల్వాకీ నగరంలో మోటార్ల వ్యాపారం మొదలైంది. ఆయన మోటారు చేస్తే, ఉత్తరాలు, ప్రకటనలు, అమ్మకాలు చూసింది ఆవిడ. పడవ మోటారు మగవాళ్ల వ్యవహారం అనుకునేవాళ్లకు ఇది చెప్పాలి!

ఆ పేరుతో నూటపదేళ్లు మోటార్లు వచ్చాయి. 2020లో తయారీ ఆపేశారు. పాత టూస్ట్రోక్ మోటార్లు కూడా పొగ నిబంధనల వల్ల చాలా దేశాల్లో తగ్గిపోయాయి. చెప్పొచ్చేదేమిటంటే, మన దగ్గరున్న యంత్రం ఎంత మంచిదైనా, దాని సామాన్లు దొరికినంతకాలమే దానికి ఆయుష్షు. మోటారుకైనా అంతే, మిక్సీకైనా అంతే.

సగం సూత్రం ఎందుకు చాలదు?

ఆ రాత్రి మా ఇంట్లో అందరం కూర్చున్నాం. బావ కూడా వచ్చాడు.

మా వారు తనకు తెలిసిన సూత్రం చెప్పారు. "బాగుచేసే ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే కొత్తదే కొనాలి. దాటకపోతే బాగుచేయించాలి."

"కొత్తదంటే ఏ కొత్తది?" అంది అక్క.

అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఇలాంటిదే కొత్త ఔట్‌బోర్డ్ మోటారు కొనాలంటే దాదాపు రెండు లక్షలు. దాంతో పోలిస్తే 42 వేలు అయిదో వంతు. కళ్లు మూసుకుని బాగుచేయించుకోవచ్చు. కానీ మన తీరంలో చిన్న ఫైబర్ పడవలకు ఎక్కువమంది వాడేది పొడుగు కడ్డీ చివర పంకా ఉండే డీజిల్ ఇంజను. లాంగ్ టెయిల్ అంటారు. పది హార్స్ పవర్‌ది బిగింపుతో కలిపి మాకు చెప్పిన ధర 84 వేలు. దాంతో పోలిస్తే 42 వేలు సరిగ్గా సగం! సూత్రం అటూ కాదు, ఇటూ కాదు.

"నేను లెక్క రాశాను" అంది అక్క. సంచిలోంచి డ్వాక్రా పుస్తకం పక్కనే పెట్టుకునే నోటుబుక్కు తీసింది. పదో తరగతి దాకానే చదివిన మా అక్క లెక్క ఇదీ:

బాగుచేయిస్తే 42 వేలు. ఇరవై అయిదు రోజులు వేట ఉండదు. రోజుకి ఖర్చులు పోను 700 మిగులుతాయనుకుంటే పోయేది 17,500. మొత్తం 59,500.

డీజిల్ ఇంజను కొంటే 84 వేలు. అయిదు రోజుల్లో బిగిస్తారు, వేట నష్టం 3,500. పాత మోటారుని సామాన్లకింద అమ్మితే 9 వేలు వస్తాయి. మొత్తం పడేది 78,500.

తేడా 19 వేలు.

"ఇక్కడితో ఆగితే బాగుచేయించడమే చవక. కానీ ఇది చూడు" అని పేజీ తిప్పింది. పాత మోటారు రోజుకి అయిదు లీటర్ల పెట్రోలు తాగుతుంది. లీటరు 109 చొప్పున 545, అందులో కలిపే నూనెకి 40. మొత్తం 585. డీజిల్ ఇంజను అదే దూరానికి మూడు లీటర్లు. లీటరు 97 చొప్పున 291. రోజుకి 294 రూపాయల తేడా. అంటే ఆ 19 వేలు 65 రోజుల వేటలో తిరిగొచ్చేస్తాయి!

"డీజిల్‌కి లీటరుకి తొమ్మిది రూపాయలు సబ్సిడీ కూడా ఉంది కదా, అది కలపలేదేం?" అన్నాను. 2019 నుంచి రిజిస్టరైన పడవలకు ఇస్తున్నదే అది.

"వస్తే వచ్చింది. చేతికి రాని డబ్బుని లెక్కలో వేయకూడదే" అంది అక్క.

బావ మాట

అప్పటిదాకా బావ నోరు విప్పలేదు. "నీ లెక్క బానే ఉంది. ఆ ఇంజను దగ్గర రోజంతా కూర్చునేది నేను" అన్నాడు మెల్లగా.

ఆయన చెప్పిందీ నిజమే. డీజిల్ ఇంజను చప్పుడుకి చెవులు దిబ్బడేస్తాయి. కడ్డీ పట్టుకుంటే అదురుకి చేతులు తిమ్మిరెక్కుతాయి. బరువు ఎక్కువ. పాతదాన్ని ఒక్కడే భుజాన వేసుకుని ఇంటికి తెచ్చుకునేవాడు, దీనికి ఇద్దరు కావాలి. వేగమూ తక్కువే. నోటుబుక్కులో వీటికి అంకెలు లేవు.

దాని మంచీ ఉంది మరి. మాకు చూపించింది గాలికి చల్లబడే రకం. ఏటి నీళ్లు పీల్చే పనే లేదు కాబట్టి బురద నీళ్లలో రబ్బరు చక్రం అరిగే బాధ లేదు. పంకా పైకే ఉంటుంది కాబట్టి లోతు తక్కువ చోట, మడ అడవుల కాలువల్లో నడుస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, చెడిపోతే అవనిగడ్డలోనో నాగాయలంకలోనో ఎవరో ఒకరు చూస్తారు. విజయవాడ మోసుకురానక్కర్లేదు.

కానీ బావ మనసులో ఉన్నది చప్పుడూ కాదు, బరువూ కాదని మా అందరికీ తెలుసు. చివరికి ఆయనే అన్నాడు: "అత్తయ్యని దింపిన మోటారది."

ఎవరూ మాట్లాడలేదు. నాకైతే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. డబ్బులు నేనిస్తానని మళ్లీ అనబోయాను. అక్క నా వైపు తిరిగింది.

"నువ్విస్తావే, ఇస్తావు. మళ్లీ ఆ గేర్‌బాక్సు పోతే పాటులో లంగరేసుకుని కూర్చునేది నా మొగుడూ, నా కొడుకూ. దాని మీద నాకూ ప్రేముంది. కానీ ఇకమీదట అది స్టార్టయిన ప్రతిసారీ నేను రేవులోనే నిలబడాలి."

అప్పుడు మా అమ్మ కలగజేసుకుంది. "అది ముసలిది, నేనూ ముసలిదాన్నే. నా చేత నీళ్ల బిందెలు మోయిస్తున్నారా? కూర్చోబెట్టలేదూ? దాన్నీ కూర్చోబెట్టండి" అంది. బావ నవ్వేశాడు. అంతే, తేలిపోయింది.

డబ్బు ఎక్కడిది?

అక్క డ్వాక్రా సంఘం నుంచి 50 వేలు అప్పు తీసుకుంది. వాయిదా నెలకి మూడు వేల లోపు. నెలకి ఇరవై రోజుల వేటలో డీజిల్ వల్ల మిగిలేదే 5,880. "మిగిలే దాంట్లోంచే వాయిదా కట్టగలిగితేనే అప్పు చేయాలి" అన్నది అక్క సూత్రం. నాకు అది సగం సూత్రంకన్నా గట్టిగా అనిపించింది. పాత మోటారు డబ్బులు, నా వంతు పదివేలు పోగా మిగిలినదానికి రెండు గాజులు బ్యాంకులో పెట్టింది.

ఒక సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది. అది మీకు ముందే చెప్పాలి. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో మామూలు లబ్ధిదారులకి 40 శాతం సాయమైతే, మహిళలకీ, ఎస్సీ, ఎస్టీలకీ 60 శాతం. పడవలు, వలలు, ఐస్ పెట్టెలు, చేపలమ్మే బండ్లు... దేనికి ఏ ఏడు సాయం ఉందో, మీకు వర్తిస్తుందో లేదో కొనకముందే మత్స్యశాఖ కార్యాలయంలో అడగండి. ఇంట్లో పడవ, ఇంజను, బండి అన్నీ మగవాళ్ల పేరు మీదే ఉండటం మనకి అలవాటు. అప్పు మాత్రం మన సంఘం పేరు మీద! ఈసారి ఆ అలవాటు మార్చుకోవాలని అక్క గట్టిగా అనుకుంది.

బాగుచేయించడమే సబబైనప్పుడు

ఇదంతా చదివి, పాతవన్నీ పారేయమని చెబుతున్నాననుకోకండి. మన బ్యారేజీనే చూడండి. 1957లో కట్టింది. 2024 వరదలో కొట్టుకొచ్చిన ఇనప పడవలు గుద్దుకుని గేట్ల దగ్గర బరువు దిమ్మలు, అదే కౌంటర్ వెయిట్లు, దెబ్బతిన్నాయి. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారి పర్యవేక్షణలో విరిగిన కాంక్రీటు దిమ్మల స్థానంలో ఇనుపవి పెట్టారు. ఒళ్లు గట్టిగా ఉండి ఒక భాగమే విరిగితే ఆ భాగం మారుస్తాం. అది బాగుచేయడం.

మా మోటారుకి రబ్బరు చక్రం ఒక్కటే పోయుంటే అసలు ఈ చర్చే ఉండేది కాదు. కార్బురేటర్‌లో చెత్త చేరినా, ప్లగ్గులు మసిబారినా, పంకా పిన్ను విరిగినా బాగుచేయించాల్సిందే. ఒకే రోగానికి మందు వేయొచ్చు. ఇంజనూ పోయి, గేర్‌బాక్సూ పోయి, సామాన్లూ దొరక్కపోతే అప్పుడు ఆలోచించాలి. "ఇప్పటిదాకా దీనిమీద ఇంత పెట్టాం కదా" అన్న మాట మాత్రం లెక్కలోకి రానివ్వకూడదు. పెట్టింది ఎలాగూ తిరిగిరాదు. ఇకముందు ఏమవుతుందన్నదే ప్రశ్న.

ఆరు నెలల తర్వాత

అక్క నోటుబుక్కు చూశాను. ఇరవై రోజుల వేట అనుకున్నది అన్ని నెలల్లోనూ కుదరలేదు. అక్టోబరులో మొంథా తుపానుకి పడవలు కట్టేసుకున్నారు. అయినా వాయిదా ఒక్కటీ తప్పలేదు. డీజిల్ మిగులు అనుకున్నదానికి కొంచెం తక్కువ, ఎందుకంటే ఎదురుపోటులో మెల్లగా వెళ్తుంది, ఎక్కువసేపు నడపాలి. చప్పుడు సంగతి బావ చెప్పినంతా నిజమే. చెవుల్లో దూది పెట్టుకుంటున్నాడు, ఇంటికొచ్చాక కూడా గట్టిగా మాట్లాడుతున్నాడు. కడ్డీకి పాత సైకిలు ట్యూబు చుట్టుకున్నాక చేతులకి కాస్త నయమట.

మా అక్క రేవుకి మాత్రం పీతల బుట్ట దించుకోవడానికే వెళ్తోంది.

పాత మోటారుని ఆటోనగర్ పెద్దాయనే సామాన్లకింద తీసుకున్నాడు. ఇచ్చేముందు అమ్మ పసుపు కుంకుమ పెట్టింది. పంకా మాత్రం ఇవ్వనని నేను పట్టుబట్టాను. దానికి వెయ్యి తగ్గించి ఎనిమిది వేలే ఇచ్చాడు. అక్క నోటుబుక్కులో ఆ వెయ్యి నా పేరు మీద బాకీగా రాసి ఉంది! పంకా మా ముందుగదిలో గోడకుంది.

ఇంతకీ మా మిక్సీ ఏమైందంటారా? కింద ఉండే చిన్న ప్లాస్టిక్ కప్లర్ అరిగిందట. అరవై రూపాయలు. సుబ్బరంగా తిరుగుతోంది.

మోటారైనా, మరేదైనా... అక్క అడిగే ప్రశ్నలు

* పోయింది ఒక భాగమా, చాలా భాగాలా? విప్పి చూపించమనండి. మాటతో నమ్మొద్దు.

* సామాన్లు మన ఊళ్లో దొరుకుతాయా? ఎన్ని రోజులకి వస్తాయి? ఆ రోజుల సంపాదన నష్టం కూడా ఖర్చే.

* పోలుస్తున్నది దేనితో? అదే రకం కొత్తదానితోనా, పని జరిగే వేరే రకంతోనా?

* నెలనెలా తాగే పెట్రోలు, డీజిల్, కరెంటు ఎంత? కొన్న ధరకన్నా ఇది పెద్దది కావచ్చు.

* బాగుచేసినవాళ్లు దేనికి పూచీ ఇస్తున్నారు, దేనికి ఇవ్వడం లేదు? కాగితం మీద రాయించుకోండి.

* నడుస్తూ నడుస్తూ ఆగిపోతే ఏమవుతుంది? పచ్చడి ఆగుతుందా, ప్రాణం మీదికొస్తుందా?

* ఔట్‌బోర్డ్ మోటారు ఉన్న ఇంట్లో: ఉప్పునీటిలో తిరిగి వచ్చాక మంచినీళ్లతో నడిపి కడగండి. రబ్బరు చక్రాన్ని ఏటా నిషేధం రోజుల్లో మార్పించండి. గేర్‌బాక్సు నూనె రంగు చూడండి. నీటిధార మీద ఒకరి కన్ను ఉండాలి.

* పడవలో లంగరు, సరిపడా తాడు, తెడ్లు, లైఫ్ జాకెట్లు తప్పనిసరి. సముద్రంలో ఆపదొస్తే తీర రక్షక దళం నంబరు 1554, మెరైన్ పోలీసుల నంబరు 1093. ఇవి పడవ లోపలివైపు రంగుతో రాయించండి. మా అక్క తన చేత్తోనే రాసింది.